అబల యను మాట

స్త్రీని అబల యని పిలుచుట మన భాషయందు చిరకాలమునుండి కలదు. అందు నిజమెంత, అతిశయోక్తి యెంత యని శరీరశాస్త్రము నడుగుట మంచిది.

పదేండ్లలోపు బాలబాలికల కండబలమున నంతగా భేదము కానరాదు. యౌవనారంభమున బాలుర వృషణములు టెస్టోస్టిరోన్ అను హార్మోనును విస్తారముగా స్రవింప నారంభించును. 1935వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాం నగరమున ఎర్నెస్టు లాకూర్ పండితుని బృందము దీనిని ఎద్దుల వృషణములనుండి వేఱుచేసెను. స్త్రీ శరీరమునందును ఇది కొలదిగా పుట్టును. కాని వయోజనుడగు పురుషుని రక్తమున దీని పరిమాణము సుమారు 15 రెట్లుండును. ఇది కండరపు పోగులను లావుచేయును. రక్తమున హిమోగ్లోబినును హెచ్చించును. 1996లో అమెరికాలో ప్రకటింపబడిన యొక ప్రయోగమున, పురుషులకు 10 వారములు దీనిని అధికముగా నెక్కింపగా, వ్యాయామము చేయనివారికి సైతము కండ పెరిగెను. చేసినవారికి మఱింత పెరిగెను.

కావున భేదము నిజమే. దానిని కాదనువారితో నేనేకీభవింపజాలను. స్త్రీల చేతుల బలము సగటున పురుషుల బలములో సగముకంటె కొంచెము హెచ్చు. కాళ్ల బలము మూడింట రెండు వంతులకు దగ్గఱ. క్రీడలలో స్త్రీలకు వేఱుగా పోటీలుండుట యందువలననే న్యాయము.

అయినను సగటు లెక్క యొక్కొక్క మనిషికి వర్తింపదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు, 69 కిలోల తరగతిలో, 110 కిలోలను ఒక్క యూపున, 130 కిలోలను రెండూపుల తలపైకెత్తి కంచు పతకము గైకొనెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారత మహిళ యామెయే. ఈ వ్యాసకర్తతో సహా మన పురుషులలో ఆ బరువును మోకాలిదాక నెత్తగలవా రెందఱు?

మఱియొకటి. శిక్షణ పొందినచో, తొలి బలమునుబట్టి చూడగా, స్త్రీల బలమును ఇంచుమించు పురుషుల బలము పెరిగిన నిష్పత్తినే పెరుగును. మన యిండ్లలోనో, బాలికకు పండ్రెండేండ్లు నిండగనే ఆటస్థలమునుండి తప్పింతుము. బిందెలు మోయునప్పుడు మాత్రమామె అబల కాదు! అదే యీడు బాలునకు బంతి నిత్తుము. ఆఱేండ్లు గడచిన పిమ్మట నిరువురను పోల్చి, చూచితిరా యందుము. ఆ లోటులో హార్మోను చేసినదెంత, మనము చేసినదెంత?

ఉన్నత తరగతులలో బాలికలకును వ్యాయామపు గంట నిక్కముగా జరుగవలెను. బరువులెత్తు కడ్డీ యొకటియు, దానిని నేర్పువా రొకరును వారికి దొరకిన చాలును.