పెట్రోలు ధరలో పన్ను పాలెంత?

పాలు, పప్పులు, ఉప్పు అన్నీ పద్దు పుస్తకంలో రాసుకుంటాం. స్కూటరులో పోయించే పెట్రోలు మాత్రం చాలా ఇళ్లలో మగవాళ్ల ఖర్చు కింద వదిలేస్తాం. కానీ సోదరీమణులారా, ఆ ఖర్చు మన వంటింటి దాకా వస్తుంది. అందుకే ఈ వారం ఆ ధర సంగతి చూద్దాం.

చమురు కంపెనీ ధర మీద ముందు కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది. ఇది లీటరుకు ఇంత అని ఉంటుంది. 2025 ఏప్రిల్ పెంపుతో పెట్రోలుకు రూ.21.90, డీజిలుకు రూ.17.80 అయింది. దానికి బంకువాళ్ల కమీషను కలిపి, ఆ మొత్తం మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. అంటే పన్ను మీద పన్నన్నమాట! 2025 నాటికి పెట్రోలు మీద తెలంగాణలో ఇది 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో వ్యాట్ తక్కువ. అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికెళ్లి ట్యాంకు నింపుకుంటారు.

ముడిచమురు చవకైతే మనకూ తగ్గాలి కదా అంటారా? 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో దాని ధర బాగా పడిపోయింది. ఆ మే నెలలోనే కేంద్రం సుంకాన్ని పెట్రోలుకు 10, డీజిలుకు 13 రూపాయలు పెంచింది. మనకు తగ్గాల్సింది కాస్తా పన్నులోకి పోయింది. తర్వాత 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ కొంత తగ్గించారు.

రోడ్లకీ ఆసుపత్రులకీ డబ్బు కావాలి, నిజమే. కానీ పెద్ద కారులో తిరిగేవారికీ, రోజంతా ఆటో తోలి ఇల్లు గడుపుకునేవారికీ లీటరు మీద పన్ను ఒకటే. ఇక కూరగాయల లారీ డీజిలు మీద కట్టింది చివరకు మన సంచీలో టమాటాల మీదే పడుతుంది.

నెలకు 20 లీటర్లు పోయించే ఇంట్లో, 2025 ఏప్రిల్ రేటు ప్రకారం ఒక్క ఎక్సైజే రూ.438! ఈ నెల నుంచి పద్దులో పెట్రోలుకూ ఒక వరుస పెట్టండి. బజారు పని, బ్యాంకు పని ఒకే ప్రయాణంలో ముగించుకోండి. ఓటడగడానికి వచ్చినవారిని, "పెట్రోలు పన్ను ఎంత తగ్గిస్తారు? ఆ లోటు ఎక్కడ పూడుస్తారు?" అని నిలదీయండి. లెక్క తెలిసిన ఇల్లాలికి మాటలతో సర్దిచెప్పడం అంత సులువు కాదు!