ఎవరి గంటలు లెక్కకొస్తాయి?

నా స్నేహితురాలి కూతురు అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. పైలట్ కావాలని పట్టుదల. ఇంటి దగ్గర చిన్న విమానాశ్రయంలో ఒక శిక్షకుడి దగ్గర, చేతిలో డబ్బున్నప్పుడల్లా కొన్ని గంటల చొప్పున నేర్చుకుంది. కళ్లకు దారి కనబడనప్పుడు పరికరాల మీద ఆధారపడి విమానం నడిపే అర్హత, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అక్కడే సంపాదించింది. తర్వాత యూనివర్సిటీలో చేరి విమానయానంలో డిగ్రీ పూర్తి చేసింది. ఆమెతో పాటు చదివిన కుర్రాడు 1,000 గంటలు నడిపితే ఎయిర్‌లైన్‌లో చేరడానికి అర్హుడు. ఈమెకు 1,500 గంటలు కావాలి.

“డిగ్రీ అదే పిన్నీ, పాఠాలూ అవే. నేర్చుకున్న చోటే వేరు” అంది ఫోన్‌లో.

నియమం నిజంగానే అలా ఉంది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు పట్టు వదలకుండా పోరాడితే 2010లో చట్టం, 2013లో నియమం వచ్చాయి. అంతకుముందు కో-పైలట్‌కి 250 గంటలతో వచ్చే కమర్షియల్ లైసెన్సు చాలేది. ఇప్పుడు 1,500 కావాలి. అయితే మినహాయింపులున్నాయి. సైన్యంలో శిక్షణ పొందిన పైలట్లకు 750 చాలు. ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. గుర్తించిన కాలేజీలో నాలుగేళ్ల డిగ్రీకి 1,000, రెండేళ్ల డిగ్రీకి 1,250. కానీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగూ, కమర్షియల్ లైసెన్సూ రెండూ ఆ కాలేజీ ఆమోదిత శిక్షణలోనే పొంది ఉండాలి. ముందే బయట నేర్చుకున్న పిల్లకి ఆ డిగ్రీ ఈ లెక్కలో పనికిరాదు.

ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ కూలిన విమానంలో పైలట్లిద్దరికీ 1,500 గంటలకు మించిన అనుభవమే ఉంది. కో-పైలట్ 24 ఏళ్ల యువతి. సియాటిల్ నుంచి రాత్రంతా విమానాల్లో ప్రయాణం చేసి నెవార్క్‌లో డ్యూటీకి వచ్చింది. ప్రమాదానికి కారణం కెప్టెన్ చేసిన తప్పని దర్యాప్తు తేల్చింది గానీ, ఆ విచారణలో అలసట గురించీ చిన్న కంపెనీలిచ్చే చాలీచాలని జీతాల గురించీ చాలా చర్చ జరిగింది. చివరికి జనం నోట మిగిలింది మాత్రం గంటల సంఖ్యే.

ఇక 750 గంటల ద్వారం సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ‘వాస్ప్’ పేరుతో వెయ్యిమందికి పైగా అమెరికన్ స్త్రీలు సైన్యం విమానాలు నడిపారు. 38 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను సైనికులుగా గుర్తించడానికి 1977 దాకా పట్టింది. అమెరికన్ స్త్రీలకు యుద్ధ విమానాలు అప్పగించింది 1993లో. సైన్యపు అనుభవానికి విలువ ఇవ్వొద్దని నేననను. కానీ ఆడవాళ్లకు ఆఖరున తెరిచిన ద్వారానికే అన్నిటికంటే పెద్ద రాయితీ ఇచ్చి, ఇందులో స్త్రీపురుష భేదం లేదంటే ఎలా? అంగన్‌వాడీ కార్యకర్త పనిని ‘గౌరవ సేవ’ అని పిలిచే దేశంలో ఉన్నవాళ్లం, అనుభవం అన్న మాట ఎవరికి ఎలా అతుకుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

500 గంటలంటే ఏమిటి? శిక్షకురాలిగా, తక్కువ జీతానికి, ఇంచుమించు మరో ఏడాది. అక్కడితో పోదు. ఎయిర్‌లైన్‌లో అన్నీ సీనియారిటీ నంబరు మీదే నడుస్తాయి. ఏ ఊళ్లో ఉండాలి, పండగకి ఇంట్లో ఉంటావా లేదా, కెప్టెన్ ఎప్పుడవుతావు, అన్నీ చేరిన తేదీని బట్టే. మగపిల్లలకూ ఇదే నియమం కదా అనొచ్చు. నిజమే. కానీ పసిబిడ్డ ఉన్న తల్లికి తనకు వీలైన డ్యూటీ ఎంచుకోగలిగే నంబరు ఎంత అవసరమో, ఇంటిపని ఎవరి నెత్తిన ఉందో తెలిసినవాళ్లకు అర్థమవుతుంది.

అయితే గంటలు తగ్గించెయ్యమందామా? ఇక్కడే నాకు అనుమానం. 2022లో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ తన శిక్షణాలయంలో నేర్చుకున్నవాళ్లకు సైన్యం వాళ్లలాగే 750 చాలనమని అడిగింది. ఖర్చు భరించలేనివాళ్లకు, ఇంతవరకు ఈ వృత్తిలోకి రాలేకపోయినవాళ్లకు దారి దొరుకుతుందని కూడా చెప్పింది. ఎఫ్.ఏ.ఏ. ఒప్పుకోలేదు. ఆ కంపెనీ అధిపతే 2025లో ఎఫ్.ఏ.ఏ. అధిపతి అయ్యాడు. పైలట్ల కొరత కంపెనీల అవసరం. దాన్ని మన పేరు మీద అడిగితే మనం జాగ్రత్తపడాలి. భారతదేశంలో కో-పైలట్‌కి 200 గంటల కమర్షియల్ లైసెన్సు చాలు, పైలట్లలో స్త్రీలు సుమారు 15 శాతం. అమెరికాలో ఎయిర్‌లైన్ సర్టిఫికెట్ ఉన్నవారిలో స్త్రీలు సుమారు 5 శాతమే. ఈ తేడా అంతా గంటల వల్లేనని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఆధారం లేదు.

నేనడిగేది అంతకంటే చిన్నది. భద్రత నియమం అలాగే ఉండనివ్వండి. రాయితీ ఇచ్చేటప్పుడు యూనిఫాం, కాలేజీ పేరు కాకుండా ఆ మనిషికి ఏం వచ్చో పరీక్షించి ఇవ్వండి. చిన్న విమానాశ్రయంలో నేర్చుకున్నదాన్ని మళ్లీ పరీక్ష పెట్టి చూడండి, నెగ్గితే లెక్కలో వేయండి. శిక్షకులకు బతకగలిగే జీతమివ్వండి.

మొన్నటికి ఆ పిల్ల లాగ్‌బుక్‌లో 1,180 గంటలున్నాయి. క్లాస్‌మేట్ కుర్రాడు పోయిన నవంబరులో ఉద్యోగంలో చేరాడు.