విద్యుత్ కారునకు కొత్త నగలు: మూల్యమెవరిది?

ఉగాదికి పంచాంగము మారినట్లు మోటారు కార్ల వర్తకులకును ఏటేట నొక యుగాది వచ్చుచుండును. దానిని వారు మోడలు సంవత్సరమందురు. పంచాంగకర్త కొత్త తిథులు గణించును. కార్ల కంపెనీ కొత్త రంగులు, కొత్త తెరలు, కొత్త దీపములు ప్రకటించును. నిరుడు కొన్న కారు ఈయేడు పాతదైనట్లు యజమానికి తోచవలెను. అదియే యా పండుగ పరమార్థము. ఈ యాచారమును పెంచి పెద్దచేసినది అమెరికా దేశపు జనరల్ మోటార్స్ కంపెనీ. 1923లో దాని యధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ ఏటేటను రూపము మార్చుటను వ్యాపారధర్మముగా నెలకొల్పెను. నూరేండ్లు గడచినవి. పెట్రోలు చెంత విద్యుత్తు వచ్చి నిలిచినది. ఆచారము మాత్రము చెక్కుచెదరలేదు.

మన నగరమునకును ఈ మోజు కొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911లో కోరి చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు చౌమహల్లా ప్యాలెసులో ప్రదర్శనకుంచబడినది. సింహాసనమువంటి యాసనమును దానిలో నమర్చిరి. కారు వచ్చి చేరునప్పటికి కోరిన ప్రభువు లేడు. నాటి వేడుకకు రాజుగారి ఖజానా మూల్యమిచ్చెను. నేడు రాజులు లేరు, ఖజానా ప్రజలది. ఆ ఖజానా నేటి శ్రీమంతుల వేడుకలో నెంత పాలు భరించుచున్నదో విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా వేడుక యెట్టిదో చూతము. మెర్సిడెస్ బెంజ్ కంపెనీవారు పూనా చెంత చాకన్‌లో కూర్చిన ఈక్యూఎస్ 580 అను విద్యుత్ కారును 2022 సెప్టెంబరులో 1 కోటి 55 లక్షల రూపాయల ధరకు విడుదల చేసిరి. దాని బ్యాటరీ 107.8 యూనిట్ల విద్యుత్తును నిలువచేసికొనును. 2024 ఏప్రిలులో ఐరోపాలో ఆ కారునకే మార్పులు ప్రకటించిరి. బ్యాటరీ 118 యూనిట్లకు పెరిగినది. ముందరి మూతపై నిలువు నక్షత్రమొకటి వెలసినది. రెండును ఒక్క ప్రకటనలోనే వచ్చినవి; కాని యొక్క జాతివి కావు. మొదటిది విద్య, రెండవది వేషము. బ్యాటరీ నేర్పు పెరిగినచో అది రేపు స్కూటరునకును, ఎల్లుండి బస్సునకును దిగి రాగలదు. నక్షత్రమెక్కడికిని దిగదు, కొన్నవారి వాకిటనే మెరయుచుండును.

వేషముల ధరలు వినదగినవి. 2023 జనవరిలో 1 కోటి 95 లక్షలకు మనదేశమున అమ్మకమునకు వచ్చిన బీఎండబ్ల్యూ ఐ7లో వెనుక కూర్చున్నవారు సినిమా చూచుటకు 31 అంగుళముల తెర పైనుండి దిగును. 2025 జూలైలో బొంబాయిలో అంగడి తెరచిన టెస్లా కంపెనీవారు మోడల్ వై కారునకు 59 లక్షల 89 వేలు మొదటి ధరగా చెప్పిరి. బూడిదవన్నె చాలునన్నవారికి రంగు ఊరకయే. ఎరుపు కావలెనన్న 1 లక్ష 85 వేలు. తనంతట తాను నడుచునని పేరుపెట్టిన సరంజామాకు మరి 6 లక్షలు. డ్రైవరు కన్నువేసి యుండవలెనను షరతు మాత్రము దానికిని తప్పలేదు.

వేషముకంటె వింతయైనది మూడవ జాతి. అది తాళము. 2021లో జర్మనీలో ఈక్యూఎస్ కొన్నవారికి వెనుక చక్రములు 4.5 డిగ్రీలు తిరుగును. 10 డిగ్రీలు తిరుగవలెనన్న ఏటేట 489 యూరోలు చెల్లింపవలెనని నియమించిరి. చక్రమదియే, యంత్రమదియే, మార్పంతయు కంప్యూటరులోని యొక యాజ్ఞలో నున్నది. 2022 చివర అమెరికాలో ఏడాదికి 1,200 డాలర్లు చెల్లించినవారి కారునకు వేగమందుకొను బలము హెచ్చించెదమనిరి. బీఎండబ్ల్యూవారు సీటును వేడిచేయు సౌకర్యమునకు కొన్ని దేశములలో నెలచందా విధించి, జనులు ఛీకొట్టగా 2023లో విరమించుకొనిరి. ఇల్లు అమ్మి, వంటగది తాళము తనయొద్దనే యుంచుకొని, నెలనెలా బాడుగ యడుగువానిని మనవారేమందురో పాఠకులే చెప్పగలరు.

శ్రీమంతులు తమ సొమ్ముతో నెట్టి వేషము వేసికొన్నను మాకు పేచీ లేదు. పేచీ వేరొకచోట నున్నది. తెలంగాణ ప్రభుత్వమువారు జీ.ఓ. 41 ననుసరించి 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మాఫీ చేసిరి. 2020 నాటి విధానములో సొంత కార్లలో మొదటి 5,000 బండ్లకే యా మాఫీ చెందవలసియుండెను. కొత్త ఉత్తరువు సంఖ్యాపరిమితిని తొలగించెను. ధరకు పరిమితి విధింపలేదు. స్కూటరును, రెండు కోట్ల కారును ఒకే గుమ్మమున ఒకే మర్యాదతో లోనికి వచ్చినవి.

ఈ సమదృష్టి యెట్టిదో లెక్కవేసి చూతము. 2022లో సవరించిన పట్టిక ప్రకారము ఇరువది లక్షలకు మించిన కారునకు పన్ను నూటికి 18. ఆ లెక్కను 1 కోటి 55 లక్షల కారుపై వదలుకొన్న పన్ను 27 లక్షల 90 వేలు. అదే పట్టికలో లక్ష రూపాయల స్కూటరుపై నూటికి 12 చొప్పున పన్ను 12 వేలు. అనగా ఒక్క కారునకు చేసిన త్యాగముతో 232 స్కూటర్లకు మాఫీ చేయవచ్చును. ఎరుపు రంగును, సినిమా తెరయును చేరి కారు ధర పెరిగినకొలదియు మాఫీయు పెరుగును. పెండ్లి వారిది, చదివింపులు మనవి!

జీఎస్టీ విషయమునను ఇదియే తీరు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద పెట్రోలు కార్లకు పన్ను నూటికి 40 అయినది. విద్యుత్ కారునకు మాత్రము అది పది లక్షలదైనను రెండు కోట్లదైనను ఆనాడు నిర్ణయించినది నూటికి 5 మాత్రమే.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వరకు మాతో నడచి చూడుడు. తలపై మెట్రో వంతెన. క్రింద బస్సులు, ఆటోలు, స్కూటర్లు. కోచింగు కేంద్రముల నుండి హాస్టళ్లకు మరలు విద్యార్థులొకవైపు. వీపున సంచి తగిలించుకొని యింటింటికి భోజనము చేరవేయు యువకులొకవైపు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ కూడలి చేరితిమా, విజయవాడ బాటయు సాగర్ బాటయు అచ్చట చీలును. సంక్రాంతికి మూటలతో, పిల్లలతో అచ్చట బస్సుకొరకు నిలుచు జనమును ఎరుగనివారెవరు? ఈ ప్రాంతమునకు 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు వచ్చిన మెట్రో రైలే మొదటి విద్యుద్రథము. 2023 మే నెలలో విజయవాడ బాటపై నడువ నారంభించిన ఈ-గరుడ బస్సు మరియొకటి. ఈ రథములకు మోడలు సంవత్సరపు నగలు లేవు; వాని నెక్కువారు వేలమంది.

ఈ పేటలలో విద్యుత్ స్కూటరు కొన్నవాని కష్టమొకటి గలదు. అపార్టుమెంటు మూడవ అంతస్తులో కాపురము, బండి క్రింద. బ్యాటరీ విప్పుటకు వీలున్నచో చేతబట్టుకొని మెట్లెక్కును. వీలులేనిచో వాచ్‌మన్ గది ప్లగ్గునకు వంతు కాచుకొనును. ఆ పెద్ద కారును ఒకసారి నింపు విద్యుత్తుతో మూడేసి యూనిట్ల బ్యాటరీగల స్కూటర్లు 35 నిండును. పన్ను మాఫీచేసిన చేయి ఆ 35 మందికి వీథిచివర నొక ప్లగ్గు చూపలేదా?

ప్రతిపక్షవాదమును మేము విస్మరింపలేదు. కొత్త విద్య మొదట శ్రీమంతుల యింటనే పుట్టునని వారందురు. నిజమే. చేతితో త్రిప్పకయే యింజనును లేపు యంత్రము 1912లో కాడిలాక్ కారులో నమర్చబడి, పిమ్మట అన్ని కార్లకును వచ్చెను. పొగలేని కారు ఎవరిదైనను కూడలిలో నిలిచిన ట్రాఫిక్ కానిస్టేబులు ఊపిరితిత్తులకు మేలే. ధనికుడు పెట్రోలు మానిన దేశమునకు విదేశీ చమురు ఖర్చు తగ్గుననుటయు నిజమే. కాని కోటిన్నర పెట్టగలవాడు పన్ను చెల్లింపలేక వెనుదీయునా? లక్ష రూపాయల బండికై అప్పుచేయువానికి పండ్రెండు వేలు కొను, మాను మధ్య తేడా. కోటిన్నరవానికి పన్ను మాఫీ తాంబూలములో వక్క. ప్రోత్సాహమనునది లేకున్న ఆగిపోవు వానికి చేయూత. ఎట్లును నడువగలవానికి కానుక కాదు.

ఈ వివేకము కొత్తది కాదు. 2019లో ఆరంభమై 2024 మార్చిలో ముగిసిన కేంద్రప్రభుత్వపు ఫేమ్ రెండవ పథకము సొంత కార్లకు సహాయమీయలేదు. బాడుగ కార్లకు సైతము 15 లక్షల ధరపరిమితి పెట్టెను. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకము 10,900 కోట్లలో కార్లకు సహాయము కేటాయింపక, బ్యాటరీలు నింపు కేంద్రములకు 2,000 కోట్లు కేటాయించెను. 2025 మే నెలలో ఆ పథకము క్రింద హైదరాబాదునకు 2,000 విద్యుత్ బస్సులు ప్రకటింపబడెను. పొరుగున కర్ణాటకమువారు 2024లో 25 లక్షలకు మించిన విద్యుత్ కార్లపై నూటికి 10 జీవితపన్ను విధించిరి. అచ్చటి నుండి విద్యుత్ కార్లు పారిపోలేదు.

కావున జీ.ఓ. 41కి మారుగ నిలువవలసిన యుత్తరువున మూడు నియమములుండవలెనని మేము కోరుచున్నాము. మొదటిది, మాఫీకి ధరపరిమితి. స్కూటరు, ఆటో, సరకుబండి, బస్సు, సామాన్యుని చిన్న కారు వీనికి పూర్తిగా, దానికి పైవానికి పన్ను. రెండవది, ఆ పన్నును వేరుగా నుంచి దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వంటి పేటలలో బ్యాటరీలు నింపు స్తంభములకును, బస్సులకును వినియోగించుట. మూడవది, కారులో నమర్చి తాళము వేసిన సౌకర్యములెవ్వియో, వాని చందా యెంతయో అమ్మకపు చీటీపైననే తెలుపవలెనను నిబంధన.

స్వదేశీ మాట కూడ నొక్కటి చెప్పవలసియున్నది. చాకన్‌లో జరుగునది కూర్పు. కారునకు ప్రాణమైన బ్యాటరీ సెల్లులలో మనదేశము పరదేశముపైననే యాధారపడినది. మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన అమరరాజావారి సెల్లుల కర్మాగారమునకు పదేండ్లలో 9,500 కోట్లు వెచ్చించెదమని ప్రకటించిరి. అట్టి విద్యకు ఖజానా చేయూతనిచ్చిన మేము చప్పట్లు కొట్టుదుము. నక్షత్రమునకు, ఎరుపు రంగునకు ఇచ్చిన కొట్టజాలము.

పఠనమందిరమున కూర్చుండి ఈ పత్రిక చదువు పురవాసులారా! కొత్త మోడలు వచ్చినదన్న వార్త చదివినపుడెల్ల నొక్క ప్రశ్న వేయుడు: ఇందు విద్య యెంత, వేషమెంత, తాళమెంత? ఆ పిమ్మట మీ శాసనసభ్యుని, మీ కార్పొరేటరును రెండవ ప్రశ్న అడుగుడు: మా వీథిచివర ప్లగ్గు ఎప్పుడు? మొదటి ప్రశ్నకు కంపెనీ జవాబీయకపోవచ్చును. రెండవదానికి జవాబీయవలసినవారు మాత్రము మీ యోటుతో కుర్చీ నెక్కినవారే.