అడిగేవాళ్లం మనమూ కావాలి

విదేశీ విద్యార్థులు మన దేశం గురించి చదువుకునేందుకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1998లో ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలైంది. సంతోషమే. ఇలాంటి చోట్ల స్త్రీల సమస్యలు, సామాజిక పరిశోధన బోధించే అధ్యాపకులకు నాదొక మనవి. పల్లె స్త్రీని కేవలం సమాచారం ఇచ్చే మనిషిగా చూపకండి.

మన జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దిన తల్లులే సారాపై తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కూలి డబ్బు ఎటు పోతోందో, ఇంట్లో దెబ్బలు ఎందుకో వాళ్లే తేల్చి చెప్పారు. అదీ పరిశోధనే! ఊరిలో రాసుకున్నది తెలుగులో ఆ ఊరికే చదివి వినిపించాలని మీ విద్యార్థులకు నేర్పండి.

హాస్టల్ చెల్లెళ్లారా! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మన అమ్మల కథ ఎవరో వచ్చి రాసేదాకా ఆగొద్దు. నోటుపుస్తకం తీయండి. మీరే అడగండి, మీరే రాయండి.