స్త్రీల టెన్నిసు - జాతీయ గౌరవము

2003వ సంవత్సరము అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వరకు హైదరాబాదు నగరమున ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగెను. రెండు ఖండములవారు ఒకచోట గూడి యాడిన యా యుత్సవము మరల నెన్నడును జరుగలేదు గనుక నేడు దానిని స్మరించువారు కొలదిమంది. కాని పదునేడేండ్లు నిండని హైదరాబాదు బాలిక సానియా మీర్జా ఆ దినములలో టెన్నిసునందు నాలుగు స్వర్ణపతకములు గెలిచిన సంగతి నగరవాసులు మరచియుండరు. పేడతో నలికిన కోర్టులపై తాను ఆట నేర్చినట్లు ఆమెయే చెప్పియున్నది. అట్టి కోర్టులనుండి వచ్చిన బిడ్డ మెడలో పతకము పడినంతనే ఆమె మాది, మాదియని మనమెల్లరము చాటుకొంటిమి. గెలిచిన దినమున మాది యనుట సులభము. తక్కిన దినములలో ఆమెయెడల మనమెట్లు మెలగితిమి? నేడు మేము విచారింపదలచినది ఇదియే.

అంతర్జాతీయ క్రీడోత్సవములకును స్త్రీల టెన్నిసునకును గల సంబంధము నేటిది కాదు. 1896లో ఏథెన్సున జరిగిన తొలి యాధునిక ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ప్రవేశమే లేకుండెను. 1900లో పారిసున షార్లెట్ కూపర్ అను ఆంగ్లమహిళ టెన్నిసులో నెగ్గి, వ్యక్తిగత విజయము పొందిన తొలి ఒలింపిక్ మహిళ యయ్యెను. ఆ క్రీడల పునరుద్ధారకుడైన కూబర్తేన్ స్త్రీల ప్రవేశమునకు విముఖుడు. ఆయన విముఖుడైనను తెరువబడిన తలుపులలో టెన్నిసు మొదటివాటిలోనిది. మనకును ఆ తలుపే ముందుగా తెరచుకొనెను. 1924 పారిసు క్రీడలలో నోరా పాలీ యను మహిళ భారతదేశము పేరిట టెన్నిసు ఆడెను. పురుషుల జట్టులో హైదరాబాదునకు జెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ యుండెను. నాడు జెండా మనది కాదు, పేరు మాత్రము మనది. పిమ్మట టెన్నిసు ఒలింపిక్ క్రీడలనుండి తొలగింపబడి, అరువదినాలుగేండ్లకు, 1988లో సియోలున, పతకక్రీడగా మరల వచ్చెను. అప్పటికి పేరును మనదే, జెండాయు మనదే. ఇక లోపమున్నచో ఇతరులను నిందించుటకు వీలు లేదు.

2012 జూన్ మాసమును పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. లండను ఒలింపిక్ క్రీడలు ముంగిటనుండెను. మహేశ్ భూపతియు రోహన్ బోపన్నయు లియాండర్ పేస్‌తో జతగూడి యాడుటకు సమ్మతింపలేదు. అఖిలభారత టెన్నిసు సంఘమువారు ఈ తగవు దీర్పజాలక, భూపతి బోపన్నల నొక జంటగను, పేసును యువకుడైన విష్ణువర్ధనుతో వేరొక జంటగను నిర్ణయించిరి. మిశ్రమ జంటల పోటీకి సానియాను పేసుతో జతచేసిరి. అదే మాసమున ఆమె భూపతితో గూడి ఫ్రెంచి ఓపెను మిశ్రమ జంటల పోటీని గెలిచియుండెను. అలిగిన యొక మేటి యాటగానిని ఊరడించుటకు తన్ను ఎరగా జూపిరనియు, ఇది భారతస్త్రీకి అవమానమనియు ఆమె బహిరంగముగ వ్రాసెను. అట్లు వ్రాసియు ఎంపికను ధిక్కరింపలేదు. లండనులో పేసుతోడనే యాడి క్వార్టరు ఫైనలు వరకు బోయెను.

మిశ్రమ జంటల యాట యెట్టిదో ఒకింత యోచింపుడు. వలకు ఈవల నిలిచిన స్త్రీపురుషు లిరువురును సమానులు. సర్వీసు ఇరువురకును వంతు. ఎదుటి పురుషుడు కొట్టిన బంతిని ఆమె యందుకొనవలసినదే. స్త్రీయని బంతి వేగము తగ్గదు. గెలిచినప్పుడు ఇరువురి పతకములును ఒక్క కొలతవే. స్త్రీపురుషులకు ఇంత స్పష్టముగ సమానత్వ మొసగిన యాటలు అరుదు. అట్టి యాటయందే స్త్రీని పురుషుల తగవునకు పరిష్కారసాధనముగ వాడుట విపరీతము గాదా?

న్యాయస్థానములలో మెలగువారము గనుక మాకొక పోలిక తోచుచున్నది. కక్షిదారు వ్రాలు లేని వకాలతు చెల్లదు. ఇరుపక్షములవారు రాజీపడవచ్చును, కాని మూడవవాని సొత్తును ధారవోసి రాజీపడుటకు వారి కధికారము లేదు. నాటి రాజీలో మూడవవాని సొత్తు వంటిదైనది ఆమె యాట.

కొంద రిట్లందురు: "ఆటగాండ్రందరును తమకు నచ్చినవారితోనే ఆడుదుమన్నచో ఎంపికచేయువారి పని యేమి? దేశమునకు ముందు వ్యక్తి యెంత?" ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఉద్యమములలో తిరిగినవారము గనుక క్రమశిక్షణ విలువ మేమెరుగుదుము. తుదినిర్ణయము సంఘమువారిదే కావలెను. కాని క్రమశిక్షణ అందరి కొక్కటియై యుండవలెను. పురుషులు కాదనగా వారికొరకు జంటలే మార్చిరి. స్త్రీ నొచ్చుకొనగా ఆమెకు దేశభక్తి గుర్తుచేయుదుమా? ఈ రెండు తూనికలు ఒకే యంగడిలో నుండరాదు.

అవమానము అంతటితో ముగిసిన బాగుండెడిది. 2014 జూలైలో నూతనముగ నేర్పడిన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వము ఆమెను తన ప్రచారదూతగ నియమింపగా, ఒక శాసనసభ్యుడు ఆమెను పాకిస్తానుకోడలని యాక్షేపించెను. పెండ్లితో ఆడుది పుట్టిన గడ్డకు పరాయిదగునను పాతమాటకు జాతీయతయను క్రొత్తబట్ట గట్టిరి. ఆ యేడే ఇంచియోనులో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె సాకేత్ మైనేనితో గూడి మిశ్రమ జంటల స్వర్ణమును భారతదేశమునకు దెచ్చెను. సాకేతు ఆంధ్రుడు. ఆసియా క్రీడల గెలుపునకు ప్రపంచస్థానముల గణనలో పాయింటులు లేవు. అచ్చట ఆడువారు దేశము పేరిట ఆడుదురు. ఎవరు ఈ దేశమువారో మాటలకంటె ఆ పతకమే బాగుగ జెప్పెను. అయినను మేమొక సంగతి చెప్పవలసియున్నది. పతకము రాకున్నను ఆమె యీ దేశపు పౌరురాలే. పౌరత్వమును గెలుపుతో ఋజువుచేసికొనవలసిన గతి యెవ్వరికిని పట్టరాదు.

పతకముల లెక్క చూచినను స్త్రీల పాలు తక్కువ గాదు. 2006 దోహా ఆసియా క్రీడలలో సానియా సింగిల్సు రజతమును, పేసుతో మిశ్రమ జంటల స్వర్ణమును గెలిచెను. 2018లో అంకితా రైనా సింగిల్సు కాంస్యము దెచ్చెను. 2023లో సానియా ఆటనుండి విరమించెను. ఆ యేడే హాంగ్‌ఝౌలో రుతుజా భోసలే బోపన్నతో గూడి మిశ్రమ జంటల స్వర్ణము గెలిచెను. కాని 1958లో ఆసియా క్రీడలలో టెన్నిసు ప్రారంభమైనది మొదలు హాంగ్‌ఝౌ క్రీడల వరకు స్త్రీల సింగిల్సు స్వర్ణము మనకు దక్కలేదు. ఇంతకంటె మనస్సును కలచునది వేరొకటి. 1924లో పారిసున పరుల జెండాక్రింద మన పేరిట ఒక మహిళ టెన్నిసు ఆడెను. సరిగ నూరేండ్లకు, 2024లో, అదే పారిసున, మన జెండాక్రింద, మన టెన్నిసు జట్టులో ఒక్క మహిళయు లేకుండెను.

ఇందుకు కారణము ఢిల్లీలో మాత్రమే లేదు. మన పట్టణములను జూడుడు. టెన్నిసు కోర్టున్న క్లబ్బులలో సాయంకాలము ఆడువారెవరు? ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు. మేమును ఆ కోవలోనివారమే. మన యింటి బాలికలు గేటుచెంత నిలిచి చూచినారేమో గాని వారి చేతికి రాకెట్టు నిచ్చినవార మెందరము? పండ్రెండేండ్లు రాగానే ఎండలో నల్లబడుదువని ఇంటికి బిలిచినవారమే పెక్కండ్రము. పునాది వేయక శిఖరము నాశించుట యుక్తము గాదు.

కావున మా కోరికలు మూడు. ఒలింపిక్, ఆసియా క్రీడలకు జంటలను నిర్ణయించు నియమములను సంఘమువారు పోటీలకు ఎంతో ముందే ప్రకటింపవలెను. స్త్రీ యాడు ప్రతి జంటవిషయమునను నిర్ణయమునకు పూర్వము ఆమె యభిప్రాయమును విని, వ్రాతమూలముగ నుంచవలెను. మూడవది మన చేతిలోని పని: మన పట్టణములలో కోర్టుగల ప్రతి క్లబ్బును వారమునకు మూడు దినములైన ఉదయపువేళ రుసుము లేక బాలికలకు విడువవలెను.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు మిత్రులలో క్లబ్బుల సభ్యులు తప్పక నుందురు. వచ్చు సమావేశమున ఈ మూడవ తీర్మానము ప్రతిపాదించుటకు వారికి ఎవ్వరి యనుమతియు నక్కరలేదు. బాలికలను కోర్టులోనికి రానిచ్చిన నాడు, వారు గెలిచినప్పుడు మాదియని చెప్పుకొను హక్కు మనకు కొంత కలుగును.