అధ్యక్షుడా? ప్రధానియా?

1954 నవంబరులో కర్నూలు శాసనసభయందు ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒకే ఒక్క ఓటుతో కూలిపోయెను. సైమను కమీషను వచ్చిననాడు మదరాసులో తుపాకి యెదుట రొమ్ము విప్పి నిలిచిన ఆంధ్రకేసరి యాయన. అయినను మద్యనిషేధ విషయమున ఆయన విధానము సభకు సమ్మతము కాలేదు. సభ వలదనెను, ఆయన దిగిపోయెను.

అమెరికాలో 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సనును సెనేటు విచారించెను. అక్కడ ఒక్క ఓటు తక్కువైనందున ఆయన పదవి నిలిచెను. ఆ దేశమున అధ్యక్షుని తొలగించుటకు నేరము మోపవలెను, సెనేటున మూడింట రెండువంతులు అంగీకరింపవలెను. మన పద్ధతిలో నేరముతో పనిలేదు. విశ్వాసము పోయిన చాలును. అయితే వారి అధ్యక్షునకు కళ్లెము వేరొక విధముగ కలదు. ఆయన యడిగిన ధనమును కాంగ్రెసు సభలు నిరాకరింపవచ్చును. ఆయన యెంచిన మంత్రిని సెనేటు త్రోసిపుచ్చవచ్చును. 1948 నవంబరులో రాజ్యాంగ పరిషత్తున అంబేద్కరుగారు ఈ రెండు పద్ధతులను తూచి, స్థిరత్వముకంటె బాధ్యతకే యెక్కువ విలువ నిచ్చిరి.

ఇక మన పల్నాటి సంగతి. ఈ జిల్లాలోని యేడు నియోజకవర్గములును 2019లో ఒక పక్షమునకు, 2024లో దాని ప్రత్యర్థికి సాంతముగ దక్కినవి. మాచెర్ల అభ్యర్థి వేరు, వినుకొండ అభ్యర్థి వేరు. ఓటు మాత్రము ముఖ్యమంత్రి యెవరను ప్రశ్నకే పడినది. పేరునకు శాసనసభ్యుని, నిజమునకు అధ్యక్షుని ఎన్నుకొనుచున్నాము. ఇందులకు ఓటరును నిందింపజాలము. 1985 నాటి ఫిరాయింపుల నిషేధము ననుసరించి, పార్టీ విప్పునకు విరుద్ధముగ ఓటు వేసిన సభ్యుని సభ్యత్వము పోవును. ఫిరాయింపుల సంతను మూయవచ్చిన శాసనము సభ్యుని నోటిని గూడ మూసినది. తన ఓటు తనది కానివానిని చూచి యెవరు ఓటు వేయుదురు? కావున అధ్యక్షునికుండు బలము మన నాయకునకు వచ్చినది గాని, అమెరికావారి కళ్లెము రాలేదు, ప్రకాశంగారిని దింపిన కళ్లెమును సడలిపోయినది.

నరసరావుపేట ప్రాంతీయులగు కాసు బ్రహ్మానందరెడ్డిగారు 1964 మొదలు 1971 వరకు ముఖ్యమంత్రిగ నుండిరి. వారిని ఏ శాసనసభయు ఓడింపలేదు. ఢిల్లీవారి చిత్తము మారెను, వారు రాజీనామా నిచ్చిరి. 1995లో రామారావుగారిని సొంత సభ్యులే విడిచినపుడు లెక్క ముందుగ తేలినది హోటలులో. సభకు పిమ్మట తెలిసెను.

మనకు వీరపూజ క్రొత్తది కాదు. కారెంపూడిలో కార్తీకమున ఏటేట పల్నాటి వీరులను కొలుచుచునే యున్నాము. అందు చేటు లేదు. ఆ వీరులు జీవోలు జారీచేయరు గదా! కాని బ్రతికియున్న నాయకుని పటమునకు పాలాభిషేకము చేసిన చేతులతోనే, సాగరు కుడికాలువ నీరు చివరి పొలమునకు ఏల రాలేదని మరునాడు అర్జీ వ్రాయగలమా?

దీనికి విరుగుడుగ అధ్యక్ష పద్ధతినే తెచ్చుకొందమనువారు కొందరు కలరు. మే మందుకు సమ్మతింపము. చేతనున్న పద్ధతినే సరిగ నడిపి చూడలేదు. విప్పు నుల్లంఘించినందుకు పడు శిక్షను విశ్వాస తీర్మానమువంటి సందర్భములకే పరిమితము చేయుమని 1990లో దినేశ్ గోస్వామి సంఘము సూచించెను. 2003లో ఆ శాసనమును సవరించినపుడు గూడ ఈ సూచనను గైకొనలేదు. దీనిని మరల చేపట్టుడని మన యేడుగురు సభ్యులును, పార్లమెంటు సభ్యుడును తమ తమ పక్షములలో అడుగవలెను. అడిగిరో లేదో వారు ఊరికి వచ్చినపుడు మనము విచారింపవలెను.