కొత్త వెర్షన్ ఏదీ?
— చూపరి

ఊరికే చేసిపెట్టేవాణ్ణే ఎక్కువగా గద్దిస్తాం. "వెర్షన్ వచ్చి మూడు నెలలైంది, ప్యాకేజీ ఇంకా పాతదే. మెయింటెయినర్ నిద్రపోతున్నాడా?" లినక్స్ వాడేవాళ్ల మధ్య, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్ మీద ఈ మాట కొత్త కాదు. అడిగేవాళ్లలో చాలామంది దానికి పైసా ఇచ్చినవాళ్లు కారు. అలాగని ప్రశ్నలో న్యాయమే లేదనను. భద్రతా లోపం నెలల తరబడి పూడకపోతే నష్టపోయేది వాడుకునేవాళ్లే కదా.

లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ ప్రాజెక్టుకు సొంత రాజ్యాంగం ఉంది. పని చేసి తీరాలన్న నిర్బంధం ఎవరిమీదా లేదని, కానీ ప్రాజెక్టు నియమాలకు అడ్డుపడకూడదని అది చెబుతుంది. నా లెక్కలో మౌనం కూడా అడ్డే. చేయలేకపోతే ఆ మాట చెప్పి ప్యాకేజీని 'ఆర్ఫన్' చేసేస్తే ఇంకొకరు ఎత్తుకుంటారు. చెప్పకుండా పేరు మాత్రం అట్టిపెట్టుకోవడం బస్సు సీటు మీద తువ్వాలు వేసి దిగిపోవడమే. అలాంటివాళ్ల కోసమే అక్కడ ఒక పద్ధతి పెట్టారు: బహిరంగంగా నోటీసు ఇచ్చి, 21 రోజులు చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే మరొకరు చేపట్టవచ్చు.

ఇంతవరకూ తేలికే. చిక్కంతా ఎక్స్‌జెడ్ యూటిల్స్ దగ్గర వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కాలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో లాక్కొచ్చిన కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ అది. ఎవరూ ఎరగని పేర్లతో కొందరు 2022లో ఆయన్ను సతాయించారు: ప్యాచ్‌లు చూడవు, ఇంకొకరికైనా అప్పగించవు అని. చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని పని అనీ ఆయన దాచకుండానే చెప్పాడు. పక్కనే 'జియా టాన్' అనే ఓపికమంతుడు సాయానికి సిద్ధంగా ఉన్నాడు. మెల్లగా పెత్తనం అతని చేతికి వెళ్లింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) దూరింది. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి మార్చి 29న గుట్టు బయటపడింది. అరసెకను! మనలో ఎవరైనా పట్టించుకునేవాళ్లమా?

అంతకు కొద్ది రోజుల ముందే, డెబియన్‌లో 5.6.1 ఎక్కించండంటూ ఇంకో కొత్త పేరుతో అభ్యర్థన వచ్చింది. సతాయించిన పేర్లూ, ఈ పేరూ ఒకే ముఠావని చాలామంది నిపుణుల అనుమానం. అంటే 'అప్‌డేట్ చేయరేం' అన్న తొందరే వాళ్ల ఆయుధం. పాత వెర్షన్‌తోనే ఉన్న డెబియన్ స్థిర విడుదల 'స్టేబుల్'కు ఏమీ కాలేదు.

కాబట్టి మెయింటెయినర్ బాధ్యతను వెర్షన్ నంబరుతో కొలవడం నాకు సమ్మతం కాదు. డెబియన్ స్టేబుల్‌లో చాలాసార్లు నంబరు మార్చకుండా, పాత కోడ్‌లోనే భద్రతా లోపాన్ని పూడుస్తారు. లోపలికి ఏం వస్తోందో చదవడం, రంధ్రం కనబడితే మూయడం, ఓపిక లేనప్పుడు లేదనడం చాలు. అప్పగింత కూడా ఎవరు ముందు చెయ్యి చాస్తే వాళ్లకు కాదు, పనితీరు తెలిసిన ఇద్దరు ముగ్గురికి జరగాలి.

ఆ ఇద్దరు ముగ్గురు ఎక్కడినుంచి వస్తారంటే, ఈ కోడ్ మీద వ్యాపారం చేసుకునే కంపెనీల నుంచే రావాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేదాకా, ఇంటర్నెట్ సమాచారాన్ని గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. చేతులు కాలాకే పెద్ద కంపెనీల డబ్బు కదిలింది. ఎక్స్‌జెడ్‌ను కడిగే పని మళ్లీ కాలిన్ నెత్తినే పడింది. దొంగదారి తీసేసిన 5.6.2ను ఆయనే మే నెలాఖరున విడుదల చేశాడు.